నేలను నమ్ముకున్న రెక్కలు

యాభై ఏళ్ల కిందటి యుద్ధాల కోసం తయారైన విమానాలవి. తయారుచేసిన కంపెనీల్లో కొన్ని ఎప్పుడో మూతపడ్డాయి. కొన్న దేశాల్లో కొన్ని వాటిని మ్యూజియాలకు పంపేశాయి. అయినా అమెరికా ఏ-10, రష్యన్ సుఖోయ్-25, మన జాగ్వార్ ఇంకా గాల్లోనే ఉన్నాయి. వాటిని ఇన్నాళ్లు నిలబెడుతున్నది ఏమిటి? ఆ నిలబడటానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు?

ఏ-10 విమానానికి ముందు చక్రం ముక్కు కింద సరిగ్గా మధ్యలో ఉండదు. కుడివైపుకు జరిగి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు కొలత తప్పిందేమో అనిపిస్తుంది. అది పొరపాటేమీ కాదు, మధ్యలో చోటు గన్‌ది. ఏడు గొట్టాలు గుండ్రంగా తిరుగుతూ పేలే 30 మిల్లీమీటర్ల ఫిరంగి అది. పేరు జీఏయూ-8. తూటాల డ్రమ్ముతో కలిపితే పొడవు ఆరు మీటర్ల దాకా ఉంటుంది. ఒక్కో గొట్టం తన వంతుకు పేలే క్షణంలో విమానం నడిమి గీత మీదకు వచ్చేలా దాన్ని అమర్చారు. లేకపోతే ఆ వెనకదెబ్బకు ముక్కు పక్కకు తిరిగిపోతుంది. నిమిషానికి 3,900 తూటాల వేగం దానిది. విమానంలో పట్టేవి 1,174. ట్రిగ్గర్ నొక్కిపట్టి ఉంచితే ఇరవై సెకన్లలోపే అన్నీ అయిపోతాయి. అందుకే పైలట్లు ఒకటి రెండు సెకన్లకు మించి పేల్చరు.

మామూలుగా విమానాన్ని గీసుకున్నాక ఆయుధాలకు చోటు వెతుకుతారు. ఇక్కడ ముందు గన్ వచ్చింది, దాని చుట్టూ విమానం వచ్చింది. అంత పట్టుదల వెనక ఒక తగాదా ఉంది.

వియత్నాం యుద్ధం నాటికి అమెరికా వాయుసేన మనసంతా వేగం మీద, అణుబాంబుల మీద ఉండేది. అడవుల్లో చిక్కుకున్న పదాతి దళాలకు నిజంగా అక్కరకొచ్చింది స్కైరైడర్ అనే పంకా విమానం. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో గీసిన డిజైన్ అది. నిదానంగా ఎగిరేది, బోలెడు బాంబులు మోసేది, గంటల తరబడి అక్కడక్కడే తిరిగేది. కింద ఉన్న సైనికుడికి కావలసింది అదే. ధ్వని కంటే వేగంగా వచ్చి, ఒక బాంబు వేసి, ఇంధనం అయిపోయిందని వెళ్లిపోయే జెట్ విమానం అతనికి ఎంతవరకు పనికొస్తుంది? విసిగిన సైన్యం షయెన్ అనే సాయుధ హెలికాప్టర్‌ను సొంతంగా తయారుచేయించుకోవడం మొదలుపెట్టింది. పనీ, దానికొచ్చే డబ్బూ చేజారిపోతాయని వాయుసేనకు బెంగ పట్టుకుంది. ఏ-10 పుట్టుకకు ఆ బెంగ కూడా కారణమే. 1972 మే 10న నమూనా ఎగిరింది. 1973 జనవరిలో నార్త్‌రాప్ వారి వైఏ-9ను పోటీలో ఓడించి ఎంపికైంది. 1984లో తయారీ ఆగేనాటికి ఏడు వందలకు పైగా తయారయ్యాయి. తయారుచేసిన ఫెయిర్‌చైల్డ్ రిపబ్లిక్ కంపెనీ ఆ తర్వాత మూడేళ్లకే మూతపడింది.

పశ్చిమ జర్మనీ మీదకు సోవియట్ ట్యాంకులు వరదలా వస్తాయని, వాటిని ఆపాలని దాన్ని తయారుచేశారు. ఆ ట్యాంకులు ఎన్నడూ రాలేదు. విమానానికి మాత్రం పని తప్పలేదు.

దెబ్బ తగులుతుందని ముందే ఒప్పుకుని

ఫైటర్ విమానాలను గీసేవాళ్ల ఆలోచనంతా శత్రువుకు దొరక్కుండా తప్పించుకోవడం మీద ఉంటుంది. నేల మీద దాడికి దిగే విమానానికి ఆ సౌకర్యం లేదు. అది కిందికి రావాలి, నిదానించాలి, చూడాలి. కాబట్టి తూటా తగలడం ఖాయం. ఏ-10 ఇంజినీర్లు దాన్ని ముందే లెక్కలో వేసుకున్నారు. పైలట్ చుట్టూ 540 కిలోల టైటానియం తొట్టి పెట్టారు. రెండు ఇంజిన్లను వెనక, ఎత్తున, ఒకదానికొకటి దూరంగా బిగించారు. ఒకటి పేలితే రెండోది మిగలాలి. తోకలు రెండు నిలువుగా ఉండి ఇంజిన్ల వేడిని కొంత కప్పుతాయి. ల్యాండింగ్ చక్రాలు లోపలికి మడిచినా సగం బయటికే ఉంటాయి. అవి తెరుచుకోకపోతే కడుపు మీద దిగినా విమానం తుక్కు కాకూడదని ఆ ఏర్పాటు. చాలా భాగాలు ఎడమకైనా కుడికైనా సరిపోతాయి. స్పేర్ పార్టుల కొట్టు దూరంగా ఉన్నచోట మెకానిక్‌కు అది ఎంత ఊరటో చెప్పక్కర్లేదు.

ఇవన్నీ కాగితం మీది గొప్పలు కావని 2003 ఏప్రిల్ 7న బాగ్దాద్ మీద తేలింది. కెప్టెన్ కిమ్ క్యాంప్‌బెల్ టైగ్రిస్ నది దగ్గర చిక్కుకున్న తమ పదాతి దళానికి సాయంగా వెళ్లి తిరిగి పైకి లేస్తుండగా విమానం తోక భాగానికి దెబ్బ తగిలింది. రెండు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. అంటే కర్ర కదిపినా రెక్కలు కదలవు. విమానం ముక్కు నగరం వైపు వాలిపోయింది. ఆధునిక ఫైటర్లలో అక్కడితో కథ ముగుస్తుంది, పారాచూట్‌తో దూకడమే మిగులుతుంది. ఏ-10లో మాత్రం ఒక స్విచ్ ఉంది. అది వేస్తే హైడ్రాలిక్కులతో సంబంధం తెగి, కర్రకు తోకకు మధ్య ఉక్కు తీగల లంకె పనిలోకి వస్తుంది. పాతకాలపు విమానాలను నడిపినట్టు బలమంతా ఉపయోగించి నడపాలి. ఆమె దాదాపు గంటసేపు అలాగే నడిపి స్థావరంలో భద్రంగా దించింది. విమానం వెనక భాగం నిండా వందల చిల్లులు. ఆ తీగలు 1970ల నాటి డిజైన్‌లోవి. కంప్యూటర్లు వచ్చాక వాటి అవసరం ఏముందని తీసేసి ఉంటే ఆమె ఆ నగరం నడిమధ్యలో దూకాల్సి వచ్చేది.

వద్దన్నవాళ్లే పిలిచారు

1990 నాటికే ఏ-10ను ఇంటికి పంపాలన్న ఆలోచన బలపడింది. దాని బదులు ఎఫ్-16ను కొద్దిగా మార్చి వాడాలనుకున్నారు. అంతలో గల్ఫ్ యుద్ధం వచ్చింది. ఐరోపా అడవుల కోసం ముదురాకుపచ్చ రంగు వేసిన విమానాలు అదే రంగుతో సౌదీ ఎడారికి వెళ్లాయి. ఆ యుద్ధంలో సుమారు 8,100 సార్లు గాల్లోకి లేచాయి. 1991 ఫిబ్రవరి 25న ఒక్కరోజులో ఇద్దరు పైలట్ల జంట 23 ఇరాకీ ట్యాంకులను ధ్వంసం చేసిందని అమెరికా రికార్డుల్లో ఉంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి వేరే ఉంది. ఆ ఏ-10లలో రాత్రిపూట చూసే పరికరాలు లేవు. రెక్క కింద వేలాడే మావెరిక్ క్షిపణి ముక్కులో మాత్రం వేడిని పసిగట్టే కెమెరా ఉంది. క్షిపణి గురి చూసుకోవడానికి అది. పైలట్లు ఆ క్షిపణిని పేల్చకుండా, దాని కెమెరా బొమ్మను కాక్‌పిట్‌లోని చిన్న తెర మీద చూస్తూ, రాత్రి చీకట్లో ట్యాంకులను వెతికారు. పగటి ఎండకు కాగిన ఇనుము చల్లారిన ఇసుకలో తెల్లటి మచ్చలా కనిపించేది. గొట్టంలోంచి చూసినట్టు ఇరుకైన చూపు అది. అయినా సరిపోయింది. సర్దుకుపోయే యంత్రాన్ని సమర్థుడి చేతికిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

యుద్ధం ముగిసినా పోరు ఆగలేదు, వాషింగ్టన్‌కు మారింది. 2014లో వాయుసేన మళ్లీ పట్టుబట్టింది. ఏ-10లన్నిటినీ తీసేస్తే ఐదేళ్లలో 420 కోట్ల డాలర్లు మిగులుతాయని, ఆ డబ్బు, ఆ మెకానిక్కులు కొత్త ఎఫ్-35కు కావాలని వాదించింది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు. సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ గట్టిగా అడ్డుపడ్డారు. స్వయంగా ఏ-10 నడిపిన మార్తా మెక్‌సాలీ ఆ తర్వాత సభలోకి వచ్చి అదే పోరాటం చేశారు. ఇద్దరూ అరిజోనావాళ్లే. ఏ-10లు ఎక్కువగా ఉండే డేవిస్-మాంథన్ స్థావరం అరిజోనాలోనే ఉంది. కాబట్టి ఇందులో ఓట్ల లెక్క కూడా ఉంది, దాచాల్సిన పనిలేదు. కానీ అదే 2014 నవంబరులో ఐసిస్ మీద దాడులకు ఆ విమానాలనే పంపాల్సి వచ్చింది. తీసేద్దామన్న చేతులతోనే పంపారు.

అమెరికా ఒక పని మాత్రం సరిగ్గా చేసింది. రెక్కల్లో పగుళ్లు వస్తున్నాయని తేలగానే కొత్త రెక్కలు చేయించింది. 2007లో బోయింగ్‌తో ఒప్పందం కుదిరింది, 2019 నాటికి 173 విమానాలకు కొత్త రెక్కలు బిగించారు. అది చాలదని మరో ఒప్పందమూ చేసుకున్నారు. లోపల గడియారాల్లాంటి పాత మీటర్ల చోట తెరలు వచ్చాయి. జీపీఎస్ బాంబులు, లేజర్ గురి చూసే పాడ్‌లు చేరాయి. పేరు ఏ-10సీగా మారింది. ముసలి విమానం ఊరికే బతకలేదు. ఏటా ఖర్చుపెట్టి బతికించారు.

ఇప్పుడు వాటిని అంచెలంచెలుగా తప్పిస్తున్నారు. ఆ చివరి దశలోనూ కొత్త పని ఎదురైంది. 2025లో పశ్చిమాసియాకు వెళ్లి తిరిగొచ్చిన కొన్ని ఏ-10ల ముక్కు పక్కన షాహెద్ డ్రోన్లను కూల్చినట్టు గుర్తులు వేసి ఉన్నాయి. లేజర్‌తో గురిపెట్టే చిన్న రాకెట్లు రెక్క కింద పెట్టుకుని, నెమ్మదిగా వచ్చే డ్రోన్ వెనక తానూ నెమ్మదిగా ఎగరగలిగే విమానం అది. చవక డ్రోన్ మీద లక్షల డాలర్ల క్షిపణి వదలడం కంటే ఇది నయమని లెక్కలు వేసేవాళ్లకు అర్థమైంది.

ప్రేమ కళ్లు కప్పకూడదు

ఇంత చెప్పాక రెండో వైపు చెప్పకపోతే తప్పు. 1991 ఫిబ్రవరి 26న ఏ-10లు పొరపాటున రెండు బ్రిటిష్ వారియర్ వాహనాల మీద దాడి చేశాయి. తొమ్మిది మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. 2003 మార్చి 28న బస్రా సమీపంలో మళ్లీ అదే జరిగింది. బ్రిటిష్ వాహనాల మీద 'మేం మీవాళ్లం' అని తెలియడానికి పరిచిన నారింజ రంగు పలకలను పైలట్లు రాకెట్లు అనుకున్నారు. ఒక యువ సైనికుడు ప్రాణం కోల్పోయాడు. కళ్లతో చూసి కొట్టే విమానమని మెచ్చుకుంటాం. ఆ కళ్లు తప్పు చూస్తే ఏమవుతుందో ఆ కుటుంబాలను అడగాలి.

రెండో ఇబ్బంది ఆకాశం ఎవరిదన్నది. గల్ఫ్‌లో, అఫ్గానిస్తాన్‌లో ఆకాశం అమెరికాదే. రాడార్‌తో నడిచే దూరశ్రేణి క్షిపణులు ఎదురుగా ఉన్నచోట ఇంత నెమ్మదైన విమానం బతకడం కష్టం. ఈ సంగతి ఉక్రెయిన్‌లో రోజూ కనిపిస్తోంది. అక్కడ ఇరుపక్షాలదీ ఒకే విమానం, సుఖోయ్-25. 1975లో తొలిసారి ఎగిరింది. ఏ-10కు సోవియట్ జవాబు అనవచ్చు. దీనికీ టైటానియం తొట్టి ఉంది. సోవియట్ సేనలు అఫ్గానిస్తాన్‌లో పోరాడుతున్న రోజుల్లో స్టింగర్ క్షిపణి ఒక్కటి తగిలితే పక్కపక్కనే ఉన్న రెండు ఇంజిన్లూ అంటుకునేవి. ఆ తర్వాత వాటి మధ్య అడ్డుపలక పెట్టారు. ఆ యుద్ధంలో రెండుసార్లు కూలిన సుఖోయ్-25 పైలట్ అలెగ్జాండర్ రుత్‌స్కోయ్ ప్రాణాలతో బయటపడి, 1991లో రష్యా ఉపాధ్యక్షుడయ్యాడు.

ఉక్రెయిన్ పొలాల మీద ఇప్పుడు సుఖోయ్-25లు చెట్ల ఎత్తున వస్తాయి. లక్ష్యానికి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే ముక్కు పైకెత్తి, రాకెట్లను గాల్లోకి విసిరి, వెంటనే పక్కకు తిరిగి వెళ్లిపోతాయి. ఏది తగిలిందో పైలట్‌కు తెలియదు. దగ్గరికొచ్చి చూసి కొట్టడానికి పుట్టిన విమానం ఇలా చూడకుండా కొట్టాల్సి రావడం దాని పరిమితిని చెబుతోంది. రెండు పక్షాలూ చాలా విమానాలను పోగొట్టుకున్నాయి. అయినా ఎవరూ వాటిని పక్కన పెట్టలేదు. 2001లో ఉక్రెయిన్ దగ్గర కొన్న నాలుగింటిని ఉత్తర మాసిడోనియా 2022లో తిరిగి ఉక్రెయిన్‌కే ఇచ్చింది. కరువులో ఉన్నవాడికి పాతదైనా చేతిలో ఉన్నదే గొప్ప.

కార్గిల్ కొండల మీద

మన దగ్గర ఈ కథ రక్తంతో గుర్తుండిపోయింది కార్గిల్‌లో. 1999 మే 26న వాయుసేన దాడులు మొదలుపెట్టింది. మరుసటి రోజే ఫ్లైట్ లెఫ్టినెంట్ కంబంపాటి నచికేత మిగ్-27లో వెళ్లారు. ఇంటిపేరే చెబుతుంది తెలుగువారని. శత్రువు మీద రాకెట్లు పేల్చాక ఆయన ఇంజిన్ ఆగిపోయింది. పారాచూట్‌తో దూకారు, పాకిస్తాన్ సైనికులకు చిక్కారు, జూన్ 3న విడుదలై వచ్చారు. ఆయన్ను వెతకడానికి వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మిగ్-21ను క్షిపణి కూల్చింది. ఆయన తిరిగి రాలేదు.

మిగ్-27 మైదానాల మీద, ఎడారి మీద ట్యాంకులను కొట్టడానికి వచ్చిన విమానం. పద్దెనిమిది వేల అడుగుల శిఖరాల మీద పలచని గాలిలో రాకెట్ల పొగ మింగితే ఇంజిన్ ఊపిరాడక ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. ఏ పనికి తయారైందో ఆ పని మారినప్పుడు పాత యంత్రంలోని లోపాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. తర్వాతి వారాల్లో మన పైలట్లు ఎత్తు పెంచారు, పద్ధతి మార్చారు. పాత మిగ్‌లలో చేత్తో పట్టుకునే జీపీఎస్ పెట్టుకుని బాంబులు వేసిన సందర్భాలూ ఉన్నాయి. లేజర్ బాంబులతో టైగర్ హిల్‌ను కొట్టిన పేరు మిరాజ్‌కు దక్కింది. దక్కవలసిందే. కానీ ముక్కూ మొహం తెలియని కొండల్లో మొదటి రోజుల్లో ప్రాణాలొడ్డినవి పాత మిగ్‌లు. 2019 డిసెంబరు 27న జోధ్‌పూర్‌లో చివరి మిగ్-27లు వీడ్కోలు తీసుకున్నాయి.

అంబాలా నుంచి ఇప్పటిదాకా జాగ్వార్

1979 జులై 27. బ్రిటన్ నుంచి ఎగిరొచ్చిన మొదటి రెండు జాగ్వార్లు అంబాలాలో దిగాయి. పద్నాలుగో స్క్వాడ్రన్ వాటిని అందుకుంది. శత్రు భూభాగంలోకి రాడార్‌కు అందనంత తక్కువ ఎత్తులో, చాలా లోపలికి వెళ్లి, వంతెననో, స్థావరాన్నో, ఇంధన డిపోనో కొట్టి తిరిగి రాగల విమానం కోసం వాయుసేన ఏళ్ల తరబడి వెతికింది. అలా వచ్చింది ఇది. వాయుసేన దానికి పెట్టిన పేరు శంషేర్.

దాన్ని దగ్గర నుంచి చూడండి. కాళ్లు పొడుగు. వెనక చక్రాలు జంటగా, లావు టైర్లతో ఉంటాయి. రెక్క శరీరానికి పైభాగాన, చాలా చిన్నది. కాళ్లు పొడుగ్గా ఎందుకంటే కంకర నేల మీదా, గడ్డి మీదా దిగాలని. 1975లో బ్రిటన్‌లో ఇంకా ప్రారంభం కాని ఎం55 హైవే మీద దాన్ని దించి, బాంబులు కట్టి మళ్లీ ఎగిరించారు. మన కొరిశపాడు దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల కాంక్రీటు రన్‌వే కట్టింది కూడా ఇలాంటి అవసరం కోసమే. 2024 మార్చి 18న అక్కడ ఏఎన్-32, డోర్నియర్ దిగి లేచాయి. సుఖోయ్-30లు, హాక్‌లు రన్‌వేను ఒరుసుకుంటున్నట్టు వెళ్లాయి. యుద్ధంలో మొదటి దెబ్బ పడేది మన రన్‌వేల మీదే కాబట్టి రోడ్డు మీద దిగగలగడం పెద్ద గుణం.

ఇక ఆ చిన్న రెక్క. నేలకు అతి దగ్గరగా, గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్తున్నప్పుడు గాలి సుడులు విమానాన్ని కుదిపేస్తాయి. పెద్ద రెక్కైతే ఆ కుదుపులకు పైలట్ మీటర్లు కూడా చదవలేడు. చిన్న రెక్క గాలిని చీల్చుకుంటూ నిలకడగా పోతుంది. ఈ గుణానికి మరో వైపు దాని శాపం కూడా ఉంది. పైకి లేవడానికి చిన్న రెక్కకు ఎక్కువ వేగం, ఎక్కువ ఇంజిన్ బలం కావాలి. జాగ్వార్‌కున్న రెండు అడూర్ ఇంజిన్లకు మొదటి నుంచీ బలం చాలదన్న మాట ఉంది. చల్లటి ఇంగ్లండ్‌లోనే ఆ మాట వినిపిస్తే, మే నెల జామ్‌నగర్ ఎండలో నిండా బాంబులతో లేవడం ఎలా ఉంటుందో ఊహించండి. వేడి గాలి పలచబడుతుంది, ఇంజిన్ బలం ఇంకా తగ్గుతుంది.

రెక్క కింద చోటు బాంబులకు, ఇంధన ట్యాంకులకు కావాలి కాబట్టి ఆత్మరక్షణ క్షిపణులను రెక్క మీద పెట్టారు. ఇలాంటి అమరిక మరెక్కడా దాదాపు కనబడదు. జామ్‌నగర్‌లోని ఆరో స్క్వాడ్రన్‌కు సముద్రం మీద పని. ఆ విమానాల ముక్కులో రాడార్ పెట్టి నౌకల మీద దాడికి తీర్చిదిద్దారు.

ఫ్రాన్స్ 2005లో, బ్రిటన్ 2007లో, ఒమన్ 2014లో జాగ్వార్‌ను వదిలేశాయి. ఇప్పుడు ప్రపంచంలో దాన్ని ఎగరేస్తున్నది మనమే. ఆరు స్క్వాడ్రన్లు, వందకు పైగా విమానాలు. దీనికి ఒక కారణం మన ఇంజినీర్లు. వచ్చినప్పుడు అందులో ఉన్న దిశానిర్దేశ వ్యవస్థతో వాయుసేన తృప్తిపడలేదు. 1980ల మొదట్లోనే ఫ్రెంచ్ నావిగేషన్ పరికరాన్ని, బ్రిటిష్ హెడ్-అప్ డిస్‌ప్లేను తీసుకుని మనవాళ్లు సొంతంగా కలిపారు. దాని పేరు డేరిన్. వేర్వేరు దేశాల పరికరాలు ఒకదాని మాట ఒకటి వినేలా చేయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ అనుభవం తర్వాతి అప్‌గ్రేడ్‌లన్నిటికీ పునాది. డేరిన్-2 వచ్చింది. డేరిన్-3లో ఇజ్రాయెల్ ఏసా రాడార్ పెట్టి 2018 ఆగస్టులో బెంగళూరులో ఎగరేశారు. ముక్కులో రాడారే లేకుండా వచ్చిన విమానానికి ఇప్పుడు కొత్త ఫైటర్లలో ఉండే చూపు వచ్చింది.

హైదరాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. శత్రు రన్‌వేలను దూరం నుంచే పాడుచేసే సా అనే 125 కిలోల బాంబును రీసెర్చ్ సెంటర్ ఇమారత్ రూపొందించింది. దాని తొలి ప్రయోగాలకు మోసుకెళ్లింది జాగ్వారే. వంద కిలోమీటర్ల దాకా గాల్లో జారుకుంటూ వెళ్లే ఆ బాంబు వల్ల పైలట్ రన్‌వే నెత్తి మీదకు వెళ్లనక్కర్లేదు. ఇదే పని 1979లో చేయాలంటే విమాన విధ్వంసక తుపాకుల మధ్యలోంచి దూసుకెళ్లాల్సి వచ్చేది. పాత విమానం పనికొస్తున్నదంటే సగం కారణం ఇలాంటి కొత్త ఆయుధమే. అదే నగరం శివార్లలోని ఆదిబట్లలో టాటా-బోయింగ్ కర్మాగారం అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేస్తోంది. సైనికుడి నెత్తి మీద నిలబడి కాపు కాసే పనిలో కొంత భాగం మెల్లగా అటు మళ్లుతోంది.

కళ్లు మార్చాం, గుండె మార్చలేదు

జాగ్వార్‌కు చూపు ఇచ్చినంత శ్రద్ధగా మనం బలం ఇవ్వలేదు. ఇంజిన్ మార్చాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలిగింది. హనీవెల్ ఎఫ్-125 ఇంజిన్ ఎక్కువ బలాన్నిస్తుందని, బరువూ తక్కువని లెక్కలు తేల్చారు. పోటీలోంచి రోల్స్ రాయిస్ తప్పుకుంది. ఒకే కంపెనీ మిగిలితే మన కొనుగోలు నిబంధనలు ఎంత మెలికలు తిరుగుతాయో తెలిసిందే. ధర పెరిగింది. చివరికి 2019లో అంత ఖర్చు దండగని ఆ ఆలోచనను పక్కన పెట్టేశారు. తక్కువ ఏళ్లు మిగిలిన విమానానికి కొత్త ఇంజిన్ ఎందుకన్నది వాదన. అప్పటికి ఆ వాదనలో పస ఉంది. కానీ ఆ తక్కువ ఏళ్లు సాగుతూనే ఉన్నాయి.

ఎందుకు సాగుతున్నాయంటే బదులు రావలసినవి రాలేదు. వాయుసేనకు మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లు చివరిసారి ఎగిరాక మిగిలినవి 29. తేజస్ మార్క్-1ఏ కోసం 2021 ఫిబ్రవరిలో 83 విమానాల ఒప్పందం కుదిరితే, అమెరికా నుంచి ఇంజిన్లు ఆలస్యమై మొదటి విమానం అందాల్సిన గడువు దాటిపోయింది. ఈ స్థితిలో జాగ్వార్లను దించేస్తే ఖాళీ ఇంకా పెరుగుతుంది. కాబట్టి స్పేర్ల కోసం వెతుకులాట. ఫ్రాన్స్ 31 పాత జాగ్వార్లను ఇచ్చింది, ఒమన్ నుంచీ కొన్ని వచ్చాయి. వాటిని విప్పి, పనికొచ్చే భాగాలు మన విమానాలకు బిగించడమే. హాక్ శిక్షణ విమానాల్లోనూ అడూర్ ఇంజినే ఉండటం వల్ల బెంగళూరులో దాని ఓవర్‌హాల్ తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి.

2025లో ఐదు నెలల్లో మూడు జాగ్వార్లు కూలాయి. మార్చి 7న అంబాలా నుంచి లేచినది పంచ్‌కుల దగ్గర పడింది, పైలట్ దూకి బతికాడు. ఏప్రిల్ 2న జామ్‌నగర్ దగ్గర రాత్రి శిక్షణలో రెండు సీట్ల విమానం కూలి ఒక పైలట్ మరణించాడు. జులై 9న రాజస్థాన్‌లోని చురూ జిల్లాలో మరొకటి పడి ఇద్దరూ చనిపోయారు. మొదటి రెండింటిలో సాంకేతిక లోపమే కారణమని వాయుసేన ప్రాథమికంగా చెప్పింది. చనిపోయిన ముగ్గురిలో ఎవరూ జాగ్వార్ మన దేశానికి వచ్చిన ఏడాదికి పుట్టినవారు కాదు.

జాగ్వార్ చెడ్డ విమానమని నేను అనను. అదే మూసలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) బెంగళూరులో 2000 తర్వాత కూడా కొత్తవి తయారుచేసింది, కాబట్టి అన్నిటి వయసూ ఒకటి కాదు. అది చేసే పని మన వాయుసేనకు ఇంకా అవసరం. పశ్చిమాన మైదానాలు, సముద్రం, ఉత్తరాన కొండలు అన్నీ ఉన్న దేశం మనది. చేతిలో ఉన్నదాన్ని పారేసి ఖాళీ చేతులతో నిలబడమని ఎవరూ చెప్పరు. కానీ పాత విమానం వాడతామన్న నిర్ణయంతోపాటు దానికయ్యే పూర్తి ఖర్చు కూడా భరించాలి. అమెరికా ఏ-10ను వద్దనుకుంటూనే రెక్కలు మార్చింది. మనం జాగ్వార్ కావాలనుకుంటూ ఇంజిన్‌ను వాయిదా వేశాం. ఆ వాయిదా బరువు అంబాలా, గోరఖ్‌పూర్, జామ్‌నగర్‌లలో రోజూ కాక్‌పిట్ ఎక్కే పాతికేళ్ల కుర్రాళ్ల మీద పడుతోంది. వాళ్లలో ఎందరో మన దుండిగల్ అకాడమీలో పాసింగ్ అవుట్ పరేడ్ చేసి, తల్లిదండ్రులు భుజాల మీద చిహ్నాలు తగిలిస్తుంటే కన్నీళ్లు ఆపుకున్నవాళ్లు.

కాబట్టి ప్రభుత్వం ముందు పెట్టాల్సిన కోరిక ఇది. జాగ్వార్లు ఏ స్క్వాడ్రన్‌లో ఏ ఏడాది దిగిపోతాయో స్పష్టంగా తేల్చాలి. ఆ ఏడాది దాకా ఇంజిన్ల ఓవర్‌హాల్‌కు, ఎజెక్షన్ సీట్లకు, స్పేర్లకు కావలసిన డబ్బు ఏ ఏటికాయేడు కోతపడకుండా కేటాయించాలి. తేజస్ ఆలస్యమైతే ఆ తేదీ దానంతటదే జరిగిపోకూడదు. జరపాలంటే మళ్లీ తనిఖీ చేసి, మళ్లీ డబ్బిచ్చి జరపాలి. ప్రమాదాలపై వాయుసేన చేసే విచారణల నివేదికలు మామూలుగా బయటికి రావు. రహస్యంగా ఉంచాల్సిన భాగాలను తీసేసి, 2025 నాటి ఆ మూడు ప్రమాదాల కారణాలనైనా పార్లమెంటు ముందు పెట్టాలి.